పాత టీవీలో ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మర్‌ను బాగుచేయడం: ముందు ఆరబెట్టాలి, ఆ తర్వాతే స్విచ్ వేయాలి

అటక మీదో, మెట్ల కిందో ఏళ్ళ తరబడి పడి ఉన్న చెక్క షట్టర్ల టీవీని కిందికి దింపగానే చాలామంది చేసే మొదటి పని, పైన దుమ్ము తుడిచి, ప్లగ్గు పెట్టి, పనిచేస్తుందేమో చూడడం. విజయవాడలో నా బల్ల మీదికి వచ్చిన పాత సెట్లలో ఈహెచ్‌టీ (పిక్చర్ ట్యూబుకు కావలసిన అతి హెచ్చు వోల్టేజీ) ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినవి ఎక్కువగా ఆ ఒక్క నిమిషంలో కాలినవే. అప్పటిదాకా వాటి వైండింగ్ చెడలేదు. చెమ్మ పట్టి ఉంది, అంతే. చెమ్మ పట్టిన వైండింగ్ 18,000 వోల్టులను తట్టుకోలేదు కాబట్టి, ఓపికగా ఆరబెడితే బతికేది కూడా స్విచ్ వేయగానే మాడిపోతుంది. ఈ పనిలో మొదట కొలవాలి, తర్వాత ఆరబెట్టాలి, ఆ తర్వాత ఇన్సులేషన్ సరిచేయాలి. కరెంటు ఇవ్వడం చిట్టచివరి మాట.

మన ఊరి సంగతి వేరుగా చెప్పవలసి ఉంది. పక్కన కృష్ణ, ఊళ్ళోంచి ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. వేసవిలో అటక మీద వేడికి ట్రాన్స్‌ఫార్మర్‌కు పూసిన మైనం మెత్తబడి కిందికి జారుతుంది, చల్లబడినప్పుడు సన్నగా పగుళ్ళు తేరుతుంది. వానాకాలంలో ఆ పగుళ్ళలోంచి తేమ లోపలికి దిగి, వెంట్రుకంత సన్నని రాగి తీగకు చిలుము పట్టిస్తుంది. ఇలాంటి వేసవులూ వానలూ ముప్ఫై నలభై చూసిన సెట్టును ఆరబెట్టకుండా ఆన్ చేయడం దానికి అన్యాయం చేయడమే.

ఇక్కడ చెప్పేది 1970ల చివర, 1980ల మొదట మన ఇళ్ళలోకి వచ్చిన 20, 24 అంగుళాల బ్లాక్ అండ్ వైట్ సెట్ల గురించి. వీటిలో సిగ్నల్ భాగం ట్రాన్సిస్టర్లతో ఉన్నా, లైన్ అవుట్‌పుట్‌లో (బొమ్మ గీతలను నడిపే భాగంలో) పీఎల్‌504, బూస్టర్‌గా పీవై88, ఈహెచ్‌టీ రెక్టిఫయర్‌గా డీవై802 వాల్వులు కనిపిస్తాయి. 1982 ఆసియా క్రీడలతో మొదలైన కలర్ సెట్లలో ఈహెచ్‌టీ 25,000 వోల్టుల వరకూ ఉంటుంది. వాటిలో తర్వాత వచ్చినవాటికి డయోడ్లు ట్రాన్స్‌ఫార్మర్‌లోనే కలిపి పోతపోసి ఉంటాయి. వాటిని మార్చడమే తప్ప విప్పి బాగుచేయడం కుదరదు.

పని ఎలా జరుగుతుందో తెలియకపోతే లోపం ఎక్కడుందో తెలియదు కనుక రెండు మాటలు. దూరదర్శన్ ప్రమాణంలో బొమ్మకు 625 గీతలు, సెకనుకు 25 బొమ్మలు. అంటే సెకనుకు 15,625 గీతలు, ఒక్కో గీతకు 64 మైక్రోసెకన్లు. గీత సాగుతుండగా పీఎల్‌504 యోక్‌లోనూ (ట్యూబు మెడ చుట్టూ ఉండే తీగచుట్టలోనూ) ట్రాన్స్‌ఫార్మర్‌లోనూ కరెంటును పెంచుకుంటూ పోతుంది. గీత చివర ఆ వాల్వు ఒక్కసారిగా కట్ అయ్యేసరికి, ఫెరైట్ కోర్‌లోనూ యోక్‌లోనూ నిలిచి ఉన్న అయస్కాంత శక్తి పోయేందుకు దారి లేక, దాదాపు 12 మైక్రోసెకన్లలోపే కొన్ని వేల వోల్టుల పల్సుగా పైకి లేస్తుంది. టైరు ఆకారంలో ఉండే పై వైండింగ్ ఆ పల్సును ఇంకా పెంచి డీవై802కు ఇస్తుంది. అక్కడి నుంచి వచ్చిన ఈహెచ్‌టీని నిలవ ఉంచే కెపాసిటర్ మరేదో కాదు, పిక్చర్ ట్యూబే. గాజుకు లోపలా బయటా పూసిన నల్లని గ్రాఫైట్ పొరలే దాని రెండు పలకలు. మిగిలిన శక్తిని పీవై88 వెనక్కి మళ్ళించి బూస్ట్ వోల్టేజీగా మారుస్తుంది. పై వైండింగ్‌ను ఉత్త తీగ ఉండలా చూడకూడదని కూడా గుర్తుంచుకోవాలి. దాని వెడల్పు, ఎత్తు, కింది వైండింగ్‌కు దూరం అన్నీ లెక్క ప్రకారం ఉండి, ఫ్లైబ్యాక్ (గీత చివర లేచే ఆ పల్సు) పౌనఃపున్యపు మూడో హార్మోనిక్‌కో ఐదో హార్మోనిక్‌కో ట్యూన్ అయి ఉంటాయి.

చేయి పెట్టే ముందు

ఈ సెట్లలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. వాల్వుల హీటర్లన్నీ సిరీస్‌లో ఉండి, చాసిస్ నేరుగా కరెంటు లైనుకు తగిలి ఉంటుంది. ప్లగ్గు తిప్పి పెడితే చాసిస్ మొత్తం ఫేజ్ అవుతుంది. కాబట్టి సెట్టును కరెంటు లైను నుంచి వేరుచేసే ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వెనక మూత తీసిన సెట్టును ఆన్ చేయరాదు. ఇందులో సర్దుబాటు లేదు. ప్లగ్గు తీసిన తర్వాత కూడా పెద్ద ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో దాదాపు మూడు వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. వాటిని కొన్ని వేల ఓముల రెసిస్టర్ ద్వారా దించి, మీటరుతో చూసి, ఆ తర్వాతే చేయి పెట్టాలి.

పిక్చర్ ట్యూబులోని ఛార్జిని దించడానికి మెగఓమ్ రెసిస్టర్లు కొన్ని సిరీస్‌లో కలిపిన తీగ ఒకటి తయారు చేసుకోవాలి. దాని ఒక చివరను ట్యూబు బయటి నల్లపూతను ఆనుకుని ఉండే అల్లిక తీగకు ముందుగా బిగించి, రెండో చివరకు కట్టిన సన్నని, మంచి పిడి ఉన్న స్క్రూడ్రైవర్‌ను, ట్యూబుకు ఈహెచ్‌టీ తీగ తగిలే చోట ఉండే ఆనోడ్ రబ్బరు కప్పు కిందికి జొనిపి కొన్ని సెకన్లు ఉంచాలి. పది నిమిషాలు ఆగి మళ్ళీ చేయాలి. గాజులో ఇమిడి ఉన్న ఛార్జి మెల్లగా పైకి వచ్చి రెండోసారి కొట్టిన సందర్భాలు నాకు తెలుసు. ట్యూబు మెడ దగ్గర పని చేస్తున్నంతసేపూ కళ్ళద్దాలు ఉండాలి.

పూర్వం మెకానిక్కులు ఆనోడ్ క్యాప్ దగ్గరికి స్క్రూడ్రైవర్ తెచ్చి అంగుళం నిప్పురవ్వ లాగి, ఈహెచ్‌టీ ఉందని చూపించేవారు. చూడడానికి బాగానే ఉండేది. ట్రాన్సిస్టర్ లైన్ స్టేజ్ ఉన్న సెట్టులో ఆ రవ్వతోనే అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్ పోతుంది. వాల్వు సెట్టులో బలహీనంగా ఉన్న వైండింగ్ పోతుంది. ఈ అలవాటును మానేయాలి.

చల్లగా ఉన్నప్పుడే కొలవడం

మొదటి కొలతలన్నీ ప్లగ్గు పెట్టకుండా తీసేవే. మామూలు మల్టీమీటరుతో పై వైండింగ్‌ను కొలిస్తే పదుల నుంచి వందల ఓముల మధ్య ఏదో ఒక విలువ రావాలి. అసలేమీ రాకపోతే తీగ తెగినట్టు. సత్యనారాయణపురంలో మా మేనమామ గారింటి సెట్టుకు ఇదే జరిగింది: భూతద్దంలో చూస్తే వైండింగ్ బయటి కొస డీవై802 క్యాప్ వైరుకు అతికిన చోట ఆవగింజంత పచ్చని చిలుము, దాని లోపల తీగ లేదు. చిలుమును సూది మొనతో గీకి, లోపలి చుట్టు ఒకటి విప్పి, ఎనామిల్ తీసి మళ్ళీ సోల్డర్ చేస్తే సరిపోయింది. తెగిన వైండింగ్ అనగానే రీవైండింగ్ గురించి ఆలోచించకుండా ముందు కొసలు రెండూ చూడాలి. తెగేది ఎక్కువగా అక్కడే.

ఓముల విలువ సరిగా ఉందని సంతోషించడానికి లేదు. రెండు చుట్లు ఒకదానికొకటి షార్ట్ అయితే మీటరుకు తెలియదు, ట్రాన్స్‌ఫార్మర్ మాత్రం పనికిరాదు. దాన్ని పట్టడానికి రింగ్ టెస్ట్ చేయాలి. యోక్ విప్పి, ప్రైమరీకి ఒక చిన్న కెపాసిటర్ ద్వారా పల్సు ఇచ్చి ఆసిల్లోస్కోపులో చూస్తే, మంచి ట్రాన్స్‌ఫార్మర్ గుడి గంటలా పది పన్నెండు అలలు మోగి మెల్లగా తగ్గుతుంది. షార్ట్ ఉన్నది రెండు మూడు అలలకే చప్పబడుతుంది. మన కొలతను మనమే నమ్మడానికి ఒక చిన్న ఉపాయం: కోర్ చుట్టూ ఒకే ఒక్క చుట్టు వైరు వేసి, దాని కొసలు రెండూ కలిపి మెలితిప్పి మళ్ళీ పల్సు ఇవ్వాలి. అప్పుడు అలలు ఒక్కసారిగా చచ్చిపోతే మన పరికరం సరిగా చూపుతున్నట్టు. ఆ చుట్టు తీసినా, వేసినా తేడా కనిపించకపోతే లోపల ఇంతకుముందే షార్ట్ ఉన్నట్టు.

మూడో కొలతకు మెగ్గర్ (ఇన్సులేషన్‌ను హెచ్చు వోల్టేజీతో కొలిచే మీటరు) కావాలి. ఆటోనగర్ వంటి చోట మోటార్ వైండింగ్ చేసేవారి దగ్గర 500 వోల్టులదో 1,000 వోల్టులదో తప్పక ఉంటుంది, అడిగితే కాదనరు. ట్రాన్స్‌ఫార్మర్‌ను సెట్టు నుంచి విప్పిన తర్వాత, వైండింగ్‌కూ కోర్ క్లాంపుకూ మధ్య ఒకసారి, డీవై802 హీటర్ కోసం కోర్ మీద వేసిన చుట్టుకూ క్లాంపుకూ మధ్య ఒకసారి కొలిచి రాసుకోవాలి. ఆ హీటర్ చుట్టు ఇచ్చేది 1.4 వోల్టులే అయినా, అది ఉండేది పూర్తి ఈహెచ్‌టీ మీద. దాని తొడుగు ఎండి పగిలి ఉండడం తరచూ కనిపిస్తుంది. ఈ అంకెలు తర్వాత ఆరబెట్టడానికి కొలబద్దగా పనికొస్తాయి.

విప్పేటప్పుడు ప్రతి వైరుకూ చీటీ కట్టి, నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోవాలి. ఫెరైట్ కోర్ రెండు ముక్కల మధ్య సన్నని కాగితమో ప్లాస్టిక్ ముక్కో ఉంటుంది. అది చెత్త కాదు, కోర్ సాచురేట్ కాకుండా కావాలని ఉంచిన ఖాళీ. అది పోగొట్టుకుంటే పీఎల్‌504 ఎర్రబడుతుంది. ఫెరైట్ గాజులా పెళుసు, బోల్టును బలంగా బిగించకూడదు.

ఆరబెట్టడం

ముందు మెత్తని కుంచెతో దుమ్ము దులిపి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. పెట్రోలు, థిన్నర్ దగ్గరికి రానీయకూడదు. అవి మైనాన్నీ, కొన్ని సెట్లలోని ప్లాస్టిక్ ఫార్మర్‌నూ (తీగ చుట్టిన గొట్టాన్నీ) కరిగిస్తాయి.

ఆరబెట్టడానికి నేను వాడేది ఖాళీ 15 కిలోల నూనె డబ్బా. బాగా కడిగి ఆరబెట్టిన డబ్బాను అడ్డంగా పడుకోబెట్టి, లోపల ఒక చివర 60 వాట్ల ఫిలమెంట్ బల్బు, రెండో చివర ఇటుక ముక్క మీద ట్రాన్స్‌ఫార్మర్, మధ్యలో బల్బు వేడి నేరుగా తగలకుండా రేకు ముక్క ఒకటి అడ్డం. మూత కొద్దిగా తెరిచి ఉంచాలి, లేకపోతే బయటికి వచ్చిన తేమ పోయే చోటు ఉండదు. లోపలి వేడి 50 డిగ్రీలు దాటకుండా థర్మామీటరు పెట్టి చూసుకోవాలి. పన్నెండు గంటలకు ఒకసారి మెగ్గర్ పెడితే మొదట అంకె ఇంకా పడిపోవడం కనిపిస్తుంది, కంగారుపడనవసరం లేదు. వేడికి లోపలి తేమ కదిలి ఇన్సులేషన్ అంతా పరుచుకోవడం వల్ల అలా జరుగుతుంది. తర్వాత అంకె పెరగడం మొదలై, ఒక దగ్గర నిలకడగా ఆగుతుంది. వరుసగా మూడు కొలతలు మారకుండా వస్తే ఆరినట్టు. తడిసిన మోటారు వైండింగ్ ఆరబెట్టేవారికి ఈ నడక కొత్త కాదు. నా అనుభవంలో రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది. శ్రావణమాసంలో ఈ పని పెట్టుకోకపోవడం మంచిది. మార్చి, ఏప్రిల్ నెలలు అనువైనవి.

ఆరిన తర్వాత అలాగే వదిలేస్తే వారంలో మళ్ళీ చెమ్మ పీలుస్తుంది. అందువల్ల కొత్త మైనం పట్టించాలి. ఫార్మర్ కాగితంతోనో బేకలైట్‌తోనో చేసినదైతేనే ఈ పని చేయాలి. ప్లాస్టిక్‌దైతే వంగిపోతుంది కనుక వదిలేయాలి. కోర్ తీసేసి, వైండింగ్‌ను మాత్రమే 85, 90 డిగ్రీల దగ్గర కరిగించిన శుద్ధమైన పారఫిన్ మైనంలో మెల్లగా ముంచాలి. మంట మీద కాకుండా ఎలక్ట్రిక్ హాట్‌ప్లేట్ మీద, థర్మామీటరు చూస్తూ చేయాలి. మైనం హద్దు మీరి వేడెక్కితే అంటుకుంటుంది. ముంచగానే వైండింగ్ అంచుల నుంచి సన్నని బుడగలు గొలుసులుగా పైకి వస్తాయి. పొరల మధ్య ఇరుక్కున్న గాలి అది. ఆ గాలి మిగిలిపోయిన ప్రతి చోటా రేపు కరోనా (గాలిలోకి ఛార్జి కారడం) మొదలవుతుంది. బుడగలు తగ్గడానికి గంట పట్టినా ఆగాలి. ఏసీ మెకానిక్ దగ్గర ఉండే వాక్యూమ్ పంపు అరువు దొరికితే పని ఇంకా బాగా జరుగుతుంది. మందమైన స్టీలు పాత్రకు రబ్బరు వాషరు, దళసరి అక్రిలిక్ మూత అమర్చి గాలి లాగితే, తగ్గినట్టే కనిపించిన బుడగలు మళ్ళీ నురగలా పొంగుతాయి. గాలి వదలగానే మైనం పొరల్లోకి దిగుతుంది. గాజు సీసాలు మాత్రం వాడకూడదు, లోపలికి పేలతాయి. చివరకు మైనం గడ్డకట్టడం మొదలయ్యే సమయంలో పైకి తీస్తే మైనం కారిపోకుండా నిలుస్తుంది.

ఇన్సులేషన్ మీద నల్లని గీత కనిపిస్తే అది కార్బన్ దారి. దాని మీద ఏ పూత పూసినా లాభం లేదు, కార్బన్ కరెంటును మోసుకుపోతూనే ఉంటుంది. బ్లేడుతో మంచి పదార్థం కనిపించేదాకా గీకి తీసేసి, ఆ తర్వాత సిలికోన్ రబ్బరుతో పూడ్చాలి. ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. హార్డ్‌వేర్ షాపులో దొరికిన మామూలు సిలికోన్ ట్యూబుతో ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ను చక్కగా కప్పి, పని అయిపోయిందనుకున్నాను. పూస్తున్నప్పుడు వెనిగర్ వాసన వచ్చినా పట్టించుకోలేదు. మూడు నెలల తర్వాత సెట్టు చీకటి పడింది. కోసి చూస్తే లోపల రాగి అంతా పచ్చబడి తెగి ఉంది. గట్టిపడుతూ అసిటిక్ ఆమ్లం వదిలే రకం అది. ఆ ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ రకమే కొనాలి. సోల్డర్ అతుకులు కూడా ముళ్ళలా మొనదేలి ఉండకూడదు. ప్రతి మొన దగ్గరా గాలిలోకి ఛార్జి కారుతుంది కనుక అతుకును ముత్యంలా గుండ్రంగా రానివ్వాలి.

రింగ్ టెస్ట్‌లో తప్పిన వైండింగ్‌ను ఆరబెట్టాక మరోసారి పరీక్షించాలి, కొన్ని తేరుకుంటాయి. తేరుకోకపోతే అదే మోడల్ సెట్టు పాతసామాన్ల వారి దగ్గర దొరుకుతుందేమో చూడడం మొదటి దారి. రీవైండింగ్ చివరి దారి. పాత తీగను మైక్రోమీటరుతో కొలిచి అదే గేజ్ తీగ (42 గేజ్ అయితే దాదాపు 0.1 మిల్లీమీటరు మందం) తీసుకుని, పాత చుట్లు విప్పుతూ లెక్కపెట్టి, అదే దిశలో, అదే వెడల్పులో తిరిగి చుట్టాలి. దిశ మారితే పల్సు తలకిందులవుతుంది; వెడల్పు మారితే హార్మోనిక్ ట్యూనింగ్ పోతుంది. మోటారు చుట్టే చేతికి ఇది లొంగే పని కాదు, తీగను అటూ ఇటూ జరుపుతూ చుట్టే వేవ్ వైండింగ్ యంత్రం ఉండాలి. కాలిన పై వైండింగ్‌ను తీసేసి, పీఎల్‌504 ఆనోడ్ పల్సుతో పాత కలర్ టీవీ ట్రిప్లర్‌ను (వోల్టేజీని మూడింతలు చేసే భాగాన్ని) నడిపించేవారు ఉన్నారు. దాదాపు 5,000 వోల్టుల పల్సుకు 15,000 వరకూ వస్తుంది. బొమ్మ కనిపిస్తుంది, కానీ సెట్టు తన అసలు రూపంలో ఉండదు. నాకు అది అంతగా నచ్చదు.

కరెంటు ఇవ్వడం

తిరిగి అమర్చేటప్పుడు లైన్ స్టేజ్‌లోని బూస్ట్ కెపాసిటర్‌ను పరీక్షించకుండా మార్చేయడమే మంచిది. పాత కాగితం కెపాసిటర్ లీకై, నింద ట్రాన్స్‌ఫార్మర్ మీద పడుతుంది. దాని స్థానంలో తగిన వోల్టేజీ ఉన్న పాలీప్రొపైలీన్ పల్స్ రకం వేయాలి. ట్యూబు ఆనోడ్ చుట్టూ గాజును ఆల్కహాల్‌తో తుడిచి, గట్టిపడిన రబ్బరు కప్పును మార్చాలి.

పీఎల్‌504 క్యాథోడ్‌లో 10 ఓముల రెసిస్టర్ ఒకటి వేసి, దాని మీద మీటరు పెట్టి ఉంచితే వాల్వు ఎంత కరెంటు లాగుతోందో కళ్ళ ముందు ఉంటుంది: ఒకటిన్నర వోల్టు అంటే 150 మిల్లీఆంపియర్లు. ఆ వాల్వు హద్దు 250. రెండున్నర వోల్టుల వైపు పోతుంటే వెంటనే ఆపేయాలి. మీటరును ఆ వాల్వు ఆనోడ్‌కు మాత్రం ఎన్నడూ తగిలించరాదు, అక్కడి పల్సు మీటరును మింగేస్తుంది. పరీక్ష కోసమని పీఎల్‌504 ఆనోడ్ క్యాప్ ఒక్కటే తీసి సెట్టును ఆన్ చేయడం కూడా తప్పు. కరెంటంతా స్క్రీన్ గ్రిడ్ మీద పడి అది కాలిపోతుంది. వాల్వు ఎర్రబడితే డ్రైవ్ రావడం లేదేమో ముందు చూడాలి. కంట్రోల్ గ్రిడ్ మీద పదుల వోల్టుల నెగటివ్ ఉంటే డ్రైవ్ ఉన్నట్టు. డ్రైవ్ ఉన్నా ఎర్రబడితే, ఆపి, ట్యూబు ఛార్జిని దించి, డీవై802 పై క్యాప్ విప్పి మళ్ళీ ఆన్ చేయాలి. అప్పుడు కరెంటు తగ్గితే లోపం రెక్టిఫయర్‌లోనో దాని తర్వాతో ఉంది. తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్‌నో, యోక్‌నో, బూస్ట్ కెపాసిటర్‌నో అనుమానించాలి.

ఈహెచ్‌టీని కొలవాలంటే దాని కోసం చేసిన హైవోల్టేజ్ ప్రోబు ఉండాలి. ముందు దాని ఎర్త్ క్లిప్పు బిగించి, తర్వాతే మొన తగిలించాలి. ఇంట్లో రెసిస్టర్లు కూర్చి ప్రోబు తయారు చేసే ప్రయత్నం వద్దు.

బొమ్మ కోసం ఏదో ఒక సిగ్నల్ కావాలి. గాలిలో వచ్చే పాత అనలాగ్ ప్రసారాలు దాదాపుగా ఆగిపోయాయి కాబట్టి సెట్‌టాప్ బాక్సుకు, దాని బొమ్మను టీవీ ఛానెల్ సిగ్నల్‌గా మార్చే ఆర్ఎఫ్ మాడ్యులేటర్ కలపాలి. ఈ సెట్ల ట్యూనర్లలో చాలావాటికి వీహెచ్ఎఫ్ మాత్రమే ఉంటుంది కనుక వీహెచ్ఎఫ్ ఛానెల్ ఇచ్చే మాడ్యులేటరే చూసి కొనాలి. బొమ్మ వచ్చాక బ్రైట్‌నెస్ మెల్లగా పెంచాలి. బొమ్మ నాలుగు వైపులా ఉబ్బుతూ మసకబారితే ఈహెచ్‌టీ భారం మోయలేకపోతోంది, ముందుగా డీవై802ను మార్చి చూడాలి.

అరగంట నడిచిన తర్వాత గదిలో దీపాలు ఆర్పి, వెనక నుంచి, చేతులు వెనక్కి కట్టుకుని చూడాలి. వైండింగ్ అంచున నీలిరంగు మసక వెలుగు గానీ, సన్నని బుస శబ్దం గానీ, ఓజోన్ వాసన గానీ ఉంటే ఆ చోటును గుర్తుంచుకుని సెట్టును ఆపాలి. ప్లగ్గు తీసి, ట్యూబు ఛార్జిని రెండుసార్లు దించిన తర్వాత వైండింగ్ మీద వేలు పెట్టి చూస్తే అంతా ఒకేలా గోరువెచ్చగా ఉండాలి. ఒక్కచోట మాత్రం చురుక్కుమంటే ఆ చోట చుట్లు షార్ట్ అవుతున్నట్టే. అప్పుడు ట్రాన్స్‌ఫార్మర్‌ను మళ్ళీ విప్పి, నూనె డబ్బాలోకి చేర్చి, రింగ్ టెస్ట్ నుంచి మొదలుపెట్టాలి.